మోటారుబండికి పెరటి తలుపు

కోడూరు దాటి, హంసలదీవి మీదుగా పాలకాయతిప్పకు పోవు బాటలో మోటారుబండ్లు నడుపువారు ఒక వింతను గమనించియుందురు. మధ్యాహ్నము దాటిన పిమ్మట గాలి సముద్రము వైపునుండి తిరుగును. ఆ గాలికి ఎదురుగా తిప్పకు పోవు పాత జీపు చల్లగా పోవును. అదే జీపు, అదే బాటలో, అంతే వేగముతో, గాలిని వీపున పెట్టుకొని కోడూరు వైపు మరలినపుడు మాత్రము ఉడుకెత్తును. బరువు పెరుగలేదు. ఎక్కవలసిన గుట్ట యేదియు దివిసీమలో లేదు. అయినను వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీత వైపు ప్రాకును.

దీని లెక్క కష్టమైనది కాదు. బండి గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా ఎదురుగాలి 20 కిలోమీటర్లున్నచో, బండి మూతికి తగులు గాలి వేగము 50. వెనుకగాలి అంతే యున్నచో తగులునది 10 మాత్రమే. గాలి త్రోపు వేగమును బట్టి గాక, వేగము యొక్క వర్గమును బట్టి యుండును. అనగా ఐదు రెట్ల వేగమునకు ఇరువదియైదు రెట్ల త్రోపు. పోవునపుడు లభించిన త్రోపులో ఇరువదియైదవ వంతుతో తిరుగు ప్రయాణము సాగవలెను. అపుడు ఇంజనును కాపాడవలసినది దాని ముందు తిరుగు పంకా యొక్కటే.

ఇట్టి బండి గలవానికి ఎవరో ఒకరు తప్పక చెప్పు సలహా ఒకటి యున్నది: “బోనెట్టుకు కంతలు పెట్టించు.” ఈ పనికి సిద్ధముగా తయారైన పరికరములు నేడు దుకాణములలో దొరకుచున్నవి. వానిని హుడ్ వెంట్లందురు. రెప్పలు రెప్పలుగా నున్నచో లూవర్లందురు. నేను ఈ ప్రసంగములో వానిని గవాక్షములని పిలిచెదను. రంపము పట్టుట వచ్చినవాడు, తొందర లేనివాడు, ఒక ఆదివారమున ఇంటి ముంగిటనే వీనిని అమర్చుకొనవచ్చును. కోయుట సులభమే. ఎక్కడ కోయవలెను, కోసిన అంచును ఉప్పుగాలినుండి ఎట్లు కాపాడవలెను, అసలు కోయవలసిన అవసరమున్నదా అనునవే చిక్కు ప్రశ్నలు.

మొదట గవాక్షము చేయు పని యేమో చూతము. వేసవిలో వీధి తలుపు తెరచి, పెరటి తలుపు మూసి కూర్చుండిన ఇంటిలోనికి గాలి రాదు. వీధిలో చెట్లు ఊగుచునే యుండును. మన చెమట మాత్రము ఆరదు. పెరటి తలుపు తీయగానే అదే గాలి ఇల్లంతయు తుడుచుకొని పోవును. పోవుటకు దారి లేని గాలి వచ్చుట కూడ మానును. మోటారుబండి యందును ఇదియే జరుగును. ముందు జాలీనుండి వచ్చిన గాలి రేడియేటరు గుండ పోయి, వేడిని గ్రహించి, ఇంజను గదిలో ప్రవేశించును. అక్కడినుండి సామాన్యముగా ఇంజను క్రిందుగా, బండి అడుగు వైపునకు వెడలవలెను. ఆ దారి ఇరుకైనచో ఇంజను గదిలో గాలి బిగిసికొనును. అది బిగిసిన కొలదిని రేడియేటరు గుండ వచ్చు గాలి తగ్గును. బోనెట్టు మీద సరియైన చోట పెట్టిన గవాక్షము ఆ ఇంటికి పెరటి తలుపు వంటిది.

ఇది క్రొత్త ఊహ కాదు. 1920, 30 సంవత్సరముల నాటి కార్ల బొమ్మలు చూచినచో బోనెట్టు ఇరుప్రక్కల చేప మొప్పలవలె వరుసగా చీలికలు కనబడును. అవి అలంకారము కొరకు పెట్టినవి కావు. వేడి పోవుటకు పెట్టినవి. కాని నేటి కొన్ని బండ్ల బోనెట్టు మీద ముందునకు నోరు తెరచియుండు దొప్పను చూచి దీనితో పొరబడరాదు. 2009లో మన దేశమునకు వచ్చిన మొదటి తరము టయోటా ఫార్చ్యూనరుకు అట్టిది కలదు. అది గాలిని బయటకు పంపునది కాదు, లోనికి తీసికొనునది. దాని క్రింద టర్బోనుండి వచ్చు గాలిని చల్లార్చు పరికరముండును. లోనికి తీసికొను నోరు ముందునకు చూడవలెను, బయటకు పంపు నోరు వెనుకకు చూడవలెను. ఈ ఒక్క భేదము తెలియక డబ్బు పెట్టి తలక్రిందుగా బిగించినవారిని నేనెరుగుదును.

ఇక చోటు సంగతి. బండి నడచునపుడు గాలి జాలీకి తగిలి, పైకి లేచి, బోనెట్టు ముందంచును దాటి వెనుకకు వంగును. అట్లు వంగుచోట, అనగా బోనెట్టు ముందు మూడవవంతులో, పై గాలి ఒత్తిడి తక్కువగా నుండును. అక్కడ కంత యున్నచో లోపలి వేడిగాలిని పై గాలి తానే లాగుకొని పోవును. బోనెట్టు వెనుక భాగమున, ముందు అద్దము మొదట, సంగతి దీనికి సరిగా విరుద్ధము. అక్కడ గాలి అద్దమునకు కొట్టుకొని నిలుచును, ఒత్తిడి పెరుగును. అద్దము నిటారుగా నిలిచిన జీపులలో ఈ ఒత్తిడి మరింత ముందుకు వ్యాపించును. కారు లోపలికి కావలసిన మంచి గాలిని తయారీదారులు అద్దము మొదటినుండియే తీసికొనుటకు కారణమిదియే. అక్కడ కంత చేసినచో వేడిగాలి బయటకు రాదు సరిగదా, బయటి గాలియే లోనికి చొచ్చి, రేడియేటరునుండి వచ్చు గాలికి అడ్డు నిలుచును.

ఈ మాట నేను పుస్తకము చూచి చెప్పుట లేదు. 1986లో నాకు గుడివాడలో ఒక చిన్న మరమ్మతు షెడ్డు ఉండెడిది. కోడూరులోని నా మేనల్లుడు ఆ సంవత్సరమే ఒక పాత పెట్రోలు జీపు కొని ప్రయాణికులను త్రిప్పుచుండెను. బండి వేడెక్కుచున్నదని ఎవరికో చెప్పగా, ఆ పెద్దమనిషి బోనెట్టు వెనుక కీళ్ళ క్రింద వాషర్లు పెట్టి, అద్దము వైపున దానిని రెండు వ్రేళ్ళ మందము పైకి లేపెను. ఖర్చు రూపాయి కాలేదు. నిలిపియున్నపుడు ఆ సందునుండి వేడి సెగ పైకి వచ్చుచుండుట చూచి మావాడు సంతోషించెను.

మాఘ పౌర్ణమినాడు సముద్రస్నానమునకు ఇంటిల్లిపాదియు ఆ జీపులో బయలుదేరిరి. హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనము చేసికొని, సాగరసంగమమున స్నానములు చేసి, మధ్యాహ్నము తిరుగుముఖము పట్టిరి. బండ్లు, జనము క్రిక్కిరిసిన బాట. గాలి వెనుకనుండి వీచుచున్నది. గుడ్డ పైకప్పు ప్రక్కతెరలు ఎండకు దించియుంచిరి. కొంతదూరము వచ్చునప్పటికి పిల్లలిద్దరు తల నొప్పి యని ఏడ్చిరి. చిన్నది వాంతి చేసికొనెను. మా అక్కగారు ఎండదెబ్బ యనిరి. మరొకరు ఉప్పునీరు మ్రింగియుందురనిరి. బండి ఆపి పిల్లలను చెట్టు క్రింద కూర్చుండబెట్టగా అరగంటలో తేరుకొనిరి. మరల బండి యెక్కగా మరల అదే వరుస.

ఆ మరునాడు మావాడు జీపును నా షెడ్డునకు తెచ్చెను. “ఎండదెబ్బయితే చెట్టు కింద అంత తొందరగా ఎట్టా తగ్గుద్ది మామయ్యా?” అని అడిగెను. మంచి ప్రశ్న. ఇంజను ప్రక్కన పొగగొట్టము మొదలగుచోట వేయు గాస్కెట్టు చీలియున్నది. దాని చుట్టును మసి పట్టియున్నది. అక్కడ కారిన పొగ పూర్వము బండి క్రిందుగా పోవుచుండెడిది. వాషర్లు పెట్టిన పిమ్మట అది వెనుక సందునుండి లేచి, అద్దము దిగువనున్న గాలితలుపు గుండ సరాసరి పిల్లల ముఖములకు పోయినది. పెట్రోలు పొగలో కార్బను మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చుండవలసిన చోట అది కూర్చుండును. తలనొప్పి, వాంతి దాని మొదటి గుర్తులు. తరువాతి గుర్తులు వ్రాయుటకు నాకిష్టము లేదు. పిల్లలు గుడ్డకప్పు జీపులో నుండిరి గనుక, అరగంట చెట్టు క్రింద కూర్చుండిరి గనుక సరిపోయినది. బోనెట్టు వెనుక భాగమును వాషర్లతో లేపు చిట్కా నేటికిని వాడుకలో నున్నది. దయచేసి దానిని చేయవలదు. చేసియున్నచో ఈ దినమే తీసివేయుడు.

గాస్కెట్టు మార్చి, వాషర్లు తీసివేసి, అసలు వేడికి కారణమేమని వెదకితిమి. ఇంజనులో మండిన ఇంధనపు వేడిలో ఇంచుమించు మూడవవంతు చక్రములకు పనిగా అందును. మూడవవంతు పొగతో పోవును. మిగిలిన మూడవవంతును రేడియేటరు నీరు మోయవలెను. ఆ నీరు సరిగా లేనిచో బోనెట్టు ఎంత కోసినను ప్రయోజనము లేదు. దివిసీమ దక్షిణమున చాలచోట్ల బావినీరు ఉప్పన. మావాడు, వాని ముందు యజమాని, ఆ నీటినే పోయుచు వచ్చిరి. రేడియేటరు గొట్టముల లోపల తెల్లని పొర పేరుకొనియుండెను. అన్నము వండు గిన్నెకు అడుగున పొరకట్టినచో ఎంత మంట పెట్టినను నీరు త్వరగా మరుగని సంగతి గృహిణులకు తెలియును. ఇక్కడ అది తలక్రిందుగా జరుగును, లోపలి వేడి బయటకు రాదు. రేడియేటరులో బ్యాటరీలకు వాడు శుద్ధజలమును, దానితో తయారీదారు చెప్పిన పాళ్ళలో కూలెంటును మాత్రమే పోయవలెను. బయటివైపున రెక్కల మధ్య చేరిన బురదను, పురుగులను వెనుకనుండి ముందునకు సన్నని నీటిధారతో కడుగవలెను. ధార బలముగా నున్నచో రెక్కలు వంగిపోవును.

మూత సంగతియు చూడవలెను. చదరపు అంగుళమునకు 15 పౌన్ల ఒత్తిడిని నిలుపు మూత యున్నచో లోని నీరు 100 డిగ్రీల వద్ద గాక 120 డిగ్రీల దగ్గర మరుగును. మూత రబ్బరు పోయినచో ఆ ఇరువది డిగ్రీల రక్షణయు పోవును. వేడిగా నున్న బండి మూతను ఎన్నడును తీయరాదు. ఇది అందరికి తెలిసినదే. అయినను ఏటేట చేతులు కాలుచునే యున్నవి.

ఆ జీపులో పెద్ద లోపము మాత్రము వేరు. పంకా చుట్టును ఉండవలసిన రేకు గూడు లేదు. ఏ మరమ్మతులోనో విప్పినవారు మరల బిగింపలేదు. గూడు లేని పంకా రేడియేటరు గుండ గాలిని లాగుటకు బదులు తన అంచుల చుట్టునున్న గాలినే త్రిప్పుచుండును. ఎదురుగాలిలో ఈ లోపము బయటపడదు, వెనుకగాలిలో బయటపడును. తిప్పనుండి తిరిగివచ్చునపుడే జీపు ఉడుకుట కిదియే రహస్యము. గూడు చేయించి బిగించిన పిమ్మట వేడి సగము తగ్గినది. కోయుటకు ముందు ఇవన్నియు చూడవలెనని నేను పట్టుపట్టుట ఇందులకే.

చట్టము విషయము కూడ ఇక్కడనే చెప్పి ముగించెదను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విభాగమును గట్టిగానే సమర్థించినది. కావున రవాణా కార్యాలయములో ముందుగా అడుగుట, భీమా వారికి వ్రాసి తెలుపుట మంచిది. క్రొత్త బండికి తయారీదారు హామీ యుండగా బోనెట్టు మీద రంపము పెట్టు సాహసము నేనెవ్వరికిని చెప్పను. టాటా ఏస్ వంటి బండ్లకు ఇంజను సీటు క్రిందనే యుండును గనుక వానికి ఈ ప్రసంగముతో పని లేదు.

ఇంత చూచిన పిమ్మటను గవాక్షము కావలెననిపించినచో, మొదట కావలసినవి ఇంటిలోనే దొరకును: స్వెట్టరు అల్లగా మిగిలిన ఊలు, గోధుమపిండి ముద్ద.

ఊలును జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్క ముందు కొసను బోనెట్టు మీద టేపుతో అంటింపవలెను. బోనెట్టు అంతయు జానెడు దూరమున కొకటి చొప్పున. పిదప ఖాళీ బాటలో ఒకరు బండి నడుపగా, మరొకరు ప్రక్కబండిలోనుండి ఫోనుతో చిత్రము తీయవలెను. పోగులు చాపగా పండుకొని వెనుకకు చూచుచోట గాలి నునుపుగా పోవుచున్నది. గిజగిజలాడుచోట సుడులున్నవి. ముందునకు తిరిగిన పోగులున్నచోట, అనగా అద్దము దగ్గర, గాలి వెనుకకు మళ్ళుచున్నది, అక్కడ కోయరాదు.

మరింత నిశ్చయము కావలెనన్నచో రంగునీరు పోసిన సన్నని పారదర్శక గొట్టమును ఆంగ్ల యూ అక్షరమువలె వంచి, ఒక పలకకు కట్టి, బండిలో నిలువుగా పట్టుకొనవలెను. దాని ఒక కొసకు తగిలించిన గొట్టమును ఇంజను గదిలోనికి, రెండవ కొసకు తగిలించిన దానిని బోనెట్టు మీద మీరు తలచిన చోటికి చేర్పవలెను. పై గొట్టపు నోరు గాలికి ఎదురుగా నుండరాదు. నడుమ చిల్లి గల ఒక చదునైన బిళ్ళ క్రింద అణచి, చిల్లి ఆకాశమునకు చూచునట్లు అంటింపవలెను. బండి నడచునపుడు బోనెట్టు వైపు నీరు పైకి లేచినచో అక్కడ పీల్పు ఉన్నది. ఆ చోటు మంచిది. ఇంజను గది వైపు లేచినచో అక్కడ కంత చేసిన గాలి లోనికే వచ్చును. ఈ కొలతలో పెద్ద అంకెల నాశింపరాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున గాలి పూర్తి త్రోపు సుమారు 17 మిల్లీమీటర్ల నీటి యెత్తునకు సమానము. 30 కిలోమీటర్ల వేగమున నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. అందులో కొంత భాగమే మీ గొట్టములో కనబడును. అయినను ఎటు లేచినదో తెలియుట చాలును.

గోధుమపిండి ముద్దతో పని యేమనగా: గవాక్షపు అంచులు, మరలు బోనెట్టు క్రిందికి కొంత పొడుచుకొని వచ్చును. ఇంజను మీద ఎత్తయినచోట్ల చిన్న ముద్దలుంచి, మీద పలుచని కాగితము వేసి, బోనెట్టును మెల్లగా మూసి తెరవవలెను. ముద్ద ఎంత అణగినదో చూచినచో అక్కడ ఎంత ఖాళీ యున్నదో తెలియును. ఇంజను అదరునపుడు కదలును గనుక వ్రేలెడు ఖాళీయైన నుండవలెను. ఇదే సమయమున బోనెట్టు అడుగున చేయి పెట్టి పక్కటెముకలవలె నున్న బలపుపట్టీలు ఎక్కడ నున్నవో తడిమి చూడవలెను. వానిని కోయరాదు. బోనెట్టు గొళ్ళెము దగ్గరను కోయరాదు. అద్దము కడుగు నీటిగొట్టము, తీగలు అడ్డు రాకుండ చూచుకొనవలెను. గవాక్షమునకు సరిగా క్రింద ఫ్యూజుల పెట్టె గాని, ఆల్టర్నేటరు గాని, గాలివడపోత నోరు గాని లేకుండుట మేలు. వాన పడునది వాని మీదనే.

కోత విషయము క్లుప్తముగా చెప్పెదను. కీళ్ళ చుట్టును పెన్సిలుతో గీత గీసి, ఇద్దరు పట్టి బోనెట్టును దించి, పాత బొంత మీద పరుండబెట్టవలెను. గవాక్షముతో వచ్చిన అట్టనమూనాను, అది లేనిచో మనమే కత్తిరించిన అట్టను, రెండు వైపుల సమానముగా కొలిచి అంటింపవలెను. ఆ రాత్రికి అట్లే వదలి మరునాడు ఉదయము దూరమునుండి చూచుట మంచిది. వంకర యున్నచో అపుడే తెలియును. రంగు గీరుకొనకుండ టేపు వేసి, మూలలయందు డ్రిల్లుతో గుండ్రని రంధ్రములు వేసి, సన్నని పండ్ల రంపపు బ్లేడుతో కోయవలెను. రేకు మందము ఇంచుమించు మిల్లీమీటరుకు లోపే గనుక, ముదుక పండ్ల బ్లేడు దానిని చింపును. మూలలు పదునుగా నున్నచో అదురునకు అక్కడినుండి పగుళ్ళు పుట్టును; గుండ్రముగా నుండవలెను. కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు వేసికొనవలెను. కోసిన గీతకు ఆకురాయి పట్టి, వ్రేలు పెట్టి రుద్దినను గీరుకొననంత నునుపు చేయవలెను. బండికి అడ్డు వచ్చిన మనిషి తల తగులునది ఆ బోనెట్టునకే యని మరువరాదు.

ఇక ఉప్పు. పాలకాయతిప్ప, హంసలదీవి, ఇటు మచిలీపట్నము వైపు మంగినపూడి, ఈ తీరమందెక్కడ బండి నిలిపినను సాయంకాలమునకు అద్దము మీద సన్నని జిగురు పొర చేరును. నాలుకకు తగిలించినచో ఉప్పన. రాత్రి మంచుకు ఆ ఉప్పు తేమను పీల్చుకొని, రేకు మీద కంటికి కనబడని ఉప్పునీటి పొరయై నిలుచును. తయారీదారు వేసిన రంగు చెడని చోట అది ఏమియు చేయలేదు. మనము కోసిన అంచున మాత్రము ఇనుము పచ్చిగా బయటపడియుండును. మా మేనల్లుని బోనెట్టు మొదటిసారి కోసినపుడు నేనే పొరపాటు చేసితిని. అంచునకు డబ్బాలోని నల్లరంగు రెండు పూతలు వేసి, అల్యూమినియము రెప్పలను నేరుగా ఇనుపరేకు మీద బిగించితిని. మరుసటి యేటి వానలు గడచునప్పటికి గవాక్షముల చుట్టును రంగు అప్పడమువలె పొంగెను. గోటితో నొక్కగా లోపల ఎఱ్ఱని పొడి. అల్యూమినియము రెప్పల అడుగున తెల్లని బూజువంటి పిండి పేరుకొనియుండెను. బోనెట్టు మొత్తము మార్చవలసివచ్చినది. ఖర్చు నేను భరించితిని.

అందులోని శాస్త్రము సులభము. రెండు వేరువేరు లోహములు తాకుచు, వాని మధ్య ఉప్పునీరున్నచో అది ఒక చిన్న బ్యాటరీ. ఆ బ్యాటరీలో ఒక లోహము తరుగుచుండును. ఇనుము, అల్యూమినియములలో తరుగునది అల్యూమినియము. అందుచేత రెండవసారి ఈ క్రమము పాటించితిని. కోసిన అంచును గరుకు కాగితముతో రుద్ది, థిన్నరు తడిపిన గుడ్డతో నూనెజిడ్డు పోవునట్లు తుడిచి, తుడిచిన గంటలోపల జింకు పాలు హెచ్చుగా గల ప్రైమరు పూసితిని. జింకు ఇనుముకంటె ముందు తాను తరిగి ఇనుమును కాపాడును. అంచు పైన మాత్రమే గాక అడుగునను పూయవలెను. తుప్పు సామాన్యముగా మనము చూడని వైపునుండియే మొదలగును. ప్రైమరు ఆరిన పిదప రంగు, రంగు పూర్తిగా ఆరిన పిదప గవాక్షపు అంచునకు, రేకునకు మధ్య మెత్తని రబ్బరుపట్టీ వేసితిని. రివెట్లకు బదులు స్టెయిన్‌లెస్ మరలు, రబ్బరు వాషర్లు, వదులుకాని నట్లు వాడితిని. మరలు వేయుటలో లాభమేమనగా ఏటికొకసారి ఊడదీసి అడుగు చూడవచ్చును. సముద్రపుటొడ్డుకు పోయివచ్చిన ప్రతిసారియు మంచినీటితో గవాక్షములను, వాని అడుగును కడుగవలెనని మావానికి కట్టడి చేసితిని. ఇంజను చల్లారిన పిమ్మటనే సుమా.

ప్లాస్టిక్ గవాక్షములైనచో ఈ లోహముల తగవు లేదు. కాని కోసిన ఇనుప అంచు అక్కడను అంచే. చవుక ప్లాస్టిక్ మన యెండకు రెండేండ్లలో తెల్లబడి పెళుసెక్కును. ఒట్టి అలంకారమునకు, కంత లేకయే అంటించు గవాక్షములును అంగడిలో కలవు. వానితో చల్లదనము రాదు, తుప్పును రాదు. వేడి లేని బండికి ముచ్చటపడువారికి నేను వానినే చెప్పుదును.

వాన సంగతి మిగిలినది. రెప్పలు వెనుకకు చూచుచున్నచో నడచు బండిలోనికి వాన అంతగా రాదు. నిలిపిన బండి మీద నిట్టనిలువుగా పడు వాన మాత్రము వచ్చును. ఈ తీరమున ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండము పట్టినచో వాన దినములకొలది విడువదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను చూచిన ఊళ్ళకు వానను గూర్చి వేరుగా చెప్పవలసినది లేదు. గవాక్షము క్రింద వంపుగా నొక రేకుదోనె కట్టి, చేరిన నీరు ప్రక్కగా కారిపోవునట్లు చేయవచ్చును. అంతకంటె సులభము, వానకాలమున గవాక్షమునకు అడుగునుండి బిగించు రేకుమూత. ఆ దినములలో వేడి ఎటులను తక్కువ గనుక మూసినను నష్టము లేదు.

ఇంత చేయగా కలిగిన లాభమేమి? గవాక్షము గాలిని పుట్టింపదు. వచ్చిన గాలికి దారి నిచ్చునంతే. మా జీపు నడకలో వేడి తగ్గుటకు పంకా గూడు, శుభ్రమైన రేడియేటరు చేసినంత మేలు గవాక్షములు చేయలేదు. అవి తమ విలువను బండి ఆగినపుడు చూపినవి. పూర్వము ఎండలో పది నిమిషములు ఆపినచో ఇంజను గదిలో బిగిసిన వేడికి గొట్టములోని పెట్రోలు అక్కడనే ఆవిరియై, బండి మరల కదలెడిది కాదు. తడిగుడ్డ చుట్టి, పిల్లల సహాయమున త్రోయవలసివచ్చెడిది. గవాక్షములు పెట్టిన పిమ్మట వేడి తనంతట తానే పైకి పోయెడిది. తిప్ప దగ్గర జీపు ఆపిన వెంటనే బోనెట్టు మీద గాలి ఎండమావివలె వణకుచు లేచుట చూచుటకు పిల్లలు చేరెడివారు. తాకినచో చేయి కాలును గనుక వారిని దూరముగా నిలుపుట మరొక పని యైనది.

ఆ జీపును మావాడు 2003లో అమ్మివేసెను. కొన్నవాడు వానకాలపు రేకుమూతలు అడుగుట మరచినాడు. అవి నేటికిని కోడూరులో మా మేనల్లుని ఇంటి పంచలో ఒక మేకునకు వ్రేలాడుచున్నవి.